పాత ఆకురాయితో వంటకత్తి: మట్టి పూసి, నూనెలో ముంచి గట్టిపరచడం ఎలా?

వరికోతలకు ముందు బొబ్బిలి వైపు ఏ ఊరి కొలిమి దగ్గరైనా ఓ గంట కూర్చోండి. కమ్మరి కత్తిని ఎర్రగా కాలుస్తాడు గానీ మొత్తం నీళ్ళలో ముంచడు. అంచు ఒక్కటే, వేలి వెడల్పు మేర, ముంచి తీస్తాడు. వెన్ను ఇంకా ఎర్రగానే ఉంటుంది. అంచును రాయి మీద రెండుసార్లు గీకి, తెల్లగా మెరిసిన చోటే చూపు నిలిపి ఉంచుతాడు. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా అంచుకు పాకుతుంది. ఆ మెరుపు మీదకు ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత బెల్లం రంగు దిగుతాయి. అప్పుడు కత్తి మొత్తాన్ని తొట్టిలో పడేస్తాడు. ఇదంతా ఒక నిమిషం పని కూడా కాదు.

ఎందుకలా అని నేను అడిగినప్పుడు నాకు పని నేర్పిన తాత చెప్పింది ఇంతే: "కత్తంతా గట్టిగుంటే ఇరిగిపోద్ది బాబూ. పళ్ళు గట్టిగుండాల, సిగుళ్ళు మెత్తగుండాల."

కత్తి వెన్నుకు మట్టి పూసి ముంచే పద్ధతి కూడా ఈ పళ్ళూ చిగుళ్ళ లెక్కే: మట్టి కప్పిన వెన్ను నెమ్మదిగా చల్లారి మెత్తగా ఉండిపోతుంది, అంచు వేగంగా చల్లారి గట్టిపడుతుంది. జపాన్ కత్తుల పనివాళ్ళు మట్టి, బొగ్గుపొడి, రాతిపొడి కలిపి వెన్నుకు మందంగా, అంచుకు పలుచగా పూసి నీళ్ళలో ముంచుతారు. మనం నీళ్ళకు బదులు నూనె వాడతాం. ఎందుకో తర్వాత చెబుతాను. చేయబోయేది 6 అంగుళాల వంటకత్తి. తల్వార్ల సరదా ఉంటే మానుకోండి. ఇంటి పనికో, వ్యవసాయానికో కాని 9 అంగుళాలు దాటిన కత్తి ఆయుధాల చట్టం కిందికి వస్తుంది.

ముందు ఉక్కు

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నేనూ చేశాను. జాతీయ రహదారి పక్క షెడ్డులో లారీ కమాను పట్టీ ముక్క చవగ్గా దొరికితే దానితో కత్తి చేసి, మూడుసార్లు మట్టి పూసి, మూడుసార్లు ముంచాను. గట్టి అంచుకూ మెత్తని వెన్నుకూ మధ్య కనపడాల్సిన గీత ఒక్కసారీ రాలేదు. తప్పు మట్టిదనుకుని మట్టి మార్చాను, నూనెదనుకుని నూనె మార్చాను. అసలు తప్పు ఉక్కు ఎంపికలో ఉంది.

కమాను పట్టీ ఉక్కులో కార్బన్ సుమారు 0.6 శాతం. దానికి తోడు సిలికాన్, మాంగనీసు, కొన్ని రకాల్లో క్రోమియం కూడా కలుపుతారు. ఈ కలిపినవన్నీ ఉక్కును నెమ్మదిగా చల్లార్చినా లోపలిదాకా గట్టిపడేలా చేస్తాయి. అంత మందం పట్టీ నడిమధ్య దాకా గట్టిపడాలి కదా, లారీకి కావలసింది అదే. మనకు కావలసింది దీనికి తలకిందులు: వేగంగా చల్లారితేనే గట్టిపడి, కాస్త ఆలస్యమైతే మెత్తగా ఉండిపోయే ఉక్కు. మన చీపురుపల్లి, గరివిడి వైపు 19వ శతాబ్దం చివర్నుంచీ తవ్వుతున్న మాంగనీసు ఉందే, అది ఉక్కులో ఎంత తక్కువ ఉంటే మట్టి గీత అంత బాగా తేలుతుంది. కొబ్బరి కత్తికి, గొడ్డలికి కమాను పట్టీ బంగారం లాంటిది. మట్టి పనికి మాత్రం కాదు. బేరింగుల ఉక్కు కూడా అంతే, అందులో క్రోమియం దాదాపు ఒకటిన్నర శాతం.

దీనికి సరైనది పాత ఆకురాయి, అంటే ఇనుమును అరగదీసే ఫైల్. మంచి ఆకురాయిలో కార్బన్ 1 నుంచి 1.2 శాతం దాకా ఉంటుంది, మిగతావి బాగా తక్కువ. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో పాత ఇనుప సామాన్ల కొట్లో 12 అంగుళాల ఆకురాయి దొరుకుతుంది. చవకరకాల్లో లోపల మెత్తని ఇనుము పెట్టి పైపొరే గట్టిపరిచినవి కూడా ఉంటాయి. అందుకని కొన్న వెంటనే చివర అంగుళం ముక్క విరగ్గొట్టి చూడండి. గుడ్డలో చుట్టి, వైస్‌లో బిగించి, కళ్ళద్దాలు పెట్టుకుని సుత్తితో ఒక్కటి వేయండి. గాజులా పుటుక్కున విరిగి, విరిగిన చోట అంచు నుంచి అంచు దాకా ఒకేలా సన్నటి బూడిదరంగు కనిపిస్తే అది మీ ఉక్కు. వంగితేనో, మధ్యలో వేరే రంగు కనిపిస్తేనో తలుపు గడియ చేసుకోండి.

ఆ విరిగిన ముక్కలు పారేయకండి, తర్వాత పనుంది.

మెత్తబరచి రూపం తేవడం

ఆకురాయిని ఉన్నపళంగా కోయలేరు. ముందు కొలిమిలో అయస్కాంతం అంటుకోనంత ఎర్రగా కాల్చి, పొడి బూడిద నింపిన డబ్బాలో పాతిపెట్టి, రాత్రంతా వదిలేయండి. పొద్దునకు మామూలు ఇనుములా మెత్తబడుతుంది. ఇక సుత్తితో సాగదీస్తారో, గ్రైండరుతో కోస్తారో మీ ఇష్టం. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: ఆకురాయి పళ్ళను మొదలంటా తీసేయాలి. చూడ్డానికి అందంగా ఉన్నాయని వెన్ను మీద వదిలేస్తారు కొందరు. ప్రతి పన్ను మొదలూ ముంచినప్పుడు పగులు మొదలయ్యే చోటే.

అంచును ఇప్పుడే పలుచన చేయకండి. రూపాయి బిళ్ళంత మందం, అంటే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉండనివ్వండి. పలుచగా ఉంటే నిప్పులో కార్బన్ కాలిపోతుంది, నూనెలో అలలుగా వంకర్లు పోతుంది. అడ్డంగా పడ్డ లోతు గీతలు ఉంటే 120 నంబరు గరుకు కాగితంతో పోగొట్టి, వెన్ను మూలలు, పిడిలో దూరే తోక మొదలు గుండ్రంగా చేయండి. పగులుకు పదునైన మూల అంటే ఇష్టం.

సుత్తి దెబ్బలు తిన్న ఉక్కు లోపల రేణువులు పెద్దవీ చిన్నవీ కలగలిసి ఉంటాయి. వాటిని సరిచేయడానికి మూడుసార్లు కాల్చి గాలిలో నల్లబడేదాకా చల్లార్చండి. మొదటిసారి మోదుగుపువ్వు రంగు దాకా, రెండోసారి దానికి ఓ ఛాయ తక్కువ, మూడోసారి అయస్కాంతం వదిలేసే వేడి దాకా చాలు. ఈ మెట్టు దాటేసినా కత్తి గట్టిపడుతుంది. కాకపోతే ఓ రోజు కొబ్బరిచిప్ప మీద పడి అంచు ముక్క ఊడిపోతే కారణం వెతుక్కుంటూ కూర్చుంటారు.

మట్టి

నాకు బాగా కుదిరింది పుట్టమన్ను. చెదలు కట్టింది కాబట్టి రాళ్ళు లేకుండా మెత్తగా, జిగటగా ఉంటుంది. నాగులచవితికి పాలుపోసే పుట్ట జోలికి వెళ్ళకండి, పాముల సంగతి పక్కనపెట్టినా ఊళ్ళో మాట పడాలి. తోట గట్ల మీద వానకు విరిగిపడ్డ పెళ్ళలు దొరుకుతాయి. వాటిని ఎండబెట్టి, దంచి, పాత పంచె గుడ్డలో జల్లించండి.

పుట్టమన్ను ఒక్కటే పూస్తే ఎండగానే నెర్రెలిచ్చి, నిప్పులో పెళ్ళలుగా రాలిపోతుంది. అందులో బొగ్గుపొడి, దంచిన పాత ఇంటిపెంకు పొడి కలపాలి. నా పాళ్ళు మూడు వంతుల మన్ను, రెండు వంతుల బొగ్గుపొడి, ఒక వంతు పెంకుపొడి. ఒకసారి కాలిన పెంకు మళ్ళీ కుంచించుకుపోదు కాబట్టి నెర్రెలు ఆపుతుంది. బొగ్గు కాలిపోతూ సన్న రంధ్రాలు వదులుతుంది, దాంతో పూత పగలదు. నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ గారెల పిండిలా కలిపి, తడిగుడ్డ కప్పి ఒక రాత్రి నాననివ్వండి. ఇంత శ్రమ వద్దనుకుంటే కొలిమి ఇటుకలకు వాడే ఫైర్ క్లే సిమెంటు కొనుక్కోండి, అదీ పనిచేస్తుంది.

పూసేముందు కత్తిని సబ్బుతోనో బూడిదతోనో తోమి కడగండి. వేలి జిడ్డు ఉన్నచోట మట్టి అంటదు. పిండిలోంచి కొంచెం తీసి నీళ్ళు కలిపి, సున్నం వేసినట్టు పలుచగా కత్తి మొత్తానికి కుంచెతో పూయండి, అంచుతో సహా. అంచుకు మట్టి ఎందుకని అనుమానం రావచ్చు. ఎర్రటి ఇనుము నూనెలో పడగానే చుట్టూ ఆవిరి పొర కడుతుంది, అది ఉన్నంతసేపూ నూనె ఇనుమును తాకదు. ఈ గరుకైన పలుచటి పూత ఆ పొరను తొందరగా చెదరగొడుతుంది. అంటే పలుచటి మట్టి చల్లదనాన్ని తొందరపెడుతుంది, మందపు మట్టి ఆపుతుంది.

ఆ పూత ఆరాక, గట్టి పిండిని వెన్ను నుంచి కత్తి వెడల్పులో సగం దాకా రెండు మూడు మిల్లీమీటర్ల మందం మెత్తండి. రెండు వైపులా సమానంగా ఉండాలి. ఒకవైపు మందం తేడా వచ్చిందంటే కత్తి పక్కకు వంగడం ఖాయం. మట్టి ఆపిన చోటికీ అసలు గీత పడే చోటికీ తేడా ఉంటుంది. నూనెలో గీత కాస్త అంచువైపు జారుతుంది కాబట్టి మరీ కిందికి మెత్తకండి. కావాలంటే సన్నటి మట్టి తీగలు వెన్ను నుంచి అంచు దాకా రెండు మూడు చోట్ల గీయండి. అక్కడ సన్నగా మెత్తని దారాలు మిగిలి, అంచు పెళుసుగా పగిలినా పగులు ముందుకు పాకకుండా అవి ఆపుతాయి.

పూశాక నీడలో ఒక రోజు, తర్వాత కొలిమి గట్టు మీద ఒక గంట ఆరబెట్టండి. తేమ ఏ మాత్రం ఉన్నా నిప్పులో ఆవిరై మట్టిని పేలాల్లా ఎగరగొడుతుంది. ఒకసారి వానాకాలంలో తొందరపడి పెడితే పెళ్ళ ఊడి నా చొక్కా కాలరులో పడింది. ఆ మచ్చ ఇంకా ఉంది.

నూనె, పాత్ర

ఈ ఉక్కు 800 డిగ్రీల నుంచి 540 డిగ్రీల కిందికి ఒక సెకను లోపే పడిపోవాలి, లేకపోతే గట్టిపడదు. ఉప్పునీళ్ళయితే ఆ పని అవలీలగా చేస్తాయి గానీ, పలుచటి కత్తిలో "టింగ్" మని ఒక చిన్న చప్పుడు వినిపిస్తుంది. అది విన్నాక ఇక కత్తి తీసి చూడక్కర్లేదు. నూనె కాస్త నెమ్మది. పలుచటి వంటకత్తి అంచును గట్టిపరచడానికి ఆ వేగం సరిపోతుంది, పగిలే భయం బాగా తగ్గుతుంది.

రిఫైన్డ్ వేరుశెనగ నూనె తీసుకోండి. ఆముదం చిక్కన, పామాయిలు చలికి పేరుకుంటుంది. గ్యారేజీల్లో ఊరికే ఇచ్చే వాడేసిన ఇంజను నూనె అసలు వద్దు. దాని పొగలో ఏమేం ఉంటాయో మీ ఊపిరితిత్తులకు తెలియాల్సిన పనిలేదు. నూనెను 50, 60 డిగ్రీలకు వేడిచేయాలి, అంటే వేలు పెట్టి ఉంచలేనంత. చల్లటి నూనె చిక్కగా ఉండి కత్తి చుట్టూ కదలదు, వేడి నూనె పలుచబడి చురుగ్గా పారుతుంది. వేడిచేస్తే ఇంకా తొందరగా చల్లారుస్తుందంటే మొదట నేనూ నమ్మలేదు.

5 లీటర్లకు తగ్గించకండి. పావుకిలో కత్తి 5 లీటర్ల నూనెను పన్నెండు పదమూడు డిగ్రీలు మాత్రమే వేడెక్కిస్తుంది, ఒక్క లీటరులో ముంచితే అరవై డిగ్రీలకు పైగా. పొడవాటి ఇనుప గొట్టానికి అడుగు వెల్డింగు చేయించి నిలబెట్టుకుంటే కత్తిని మొన నుంచి నిలువుగా దించవచ్చు. దానికి సరిపడే ఇనుప మూత, పక్కన ఒక బకెట్ పొడి ఇసుక తప్పనిసరి. నూనె అంటుకుంటే మూత వేయండి. నీళ్ళు పోయకండి, తడి గోనెపట్టా కప్పకండి. ప్లాస్టిక్ డబ్బా గురించి చెప్పనక్కర్లేదనుకుంటాను.

ఒంటి మీద నూలు బట్టలే ఉండాలి. పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. పొందూరు ఖద్దరు వేసుకుంటే ఇంకా మంచిది గానీ, ఆ ధరకు దాన్ని మసి చేయడం నా మనసొప్పదు. లుంగీ వద్దు, ప్యాంటు, మూసిన చెప్పులు.

నిప్పు, ముంచడం

బొగ్గు సరుగుడుదైనా సరే, ఉద్దానం వైపు నుంచి వచ్చే కొబ్బరిచిప్పలదైనా సరే. జీడిపిక్కల తొక్క మాత్రం కొలిమిలో వేయకండి. పలాసలో కుప్పలుగా దొరుకుతుంది, బాగా మండుతుంది, కానీ అందులోని నూనె చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది, పొగ కళ్ళు తెరవనివ్వదు.

ఈ పని సాయంత్రం చీకటి పడ్డాకే పెట్టుకోండి. ఎండలో ఎర్రరంగు కనపడదు, కనపడేసరికి మించిపోయి ఉంటుంది. బొగ్గుల్లో ఒక ఇనుప గొట్టం పడుకోబెట్టి, దాని లోపల కత్తి ఉంచితే వేడి అన్నివైపులా సమానంగా తగులుతుంది. బ్లోయర్ తగ్గించండి. పలుచటి అంచు ముందు ఎర్రబడి, మట్టి కప్పిన వెన్ను వెనకబడుతుంది కాబట్టి తొందరపడితే అంచు మాడిపోతుంది.

వేడి ఎంతో తెలిసేదెలా? అయస్కాంతం 770 డిగ్రీల దగ్గర వదిలేస్తుంది. మనకు కావలసింది దానికి ఒక ఛాయ పైన, 790, 800 మధ్య. దాచమన్న ఆకురాయి ముక్క ఇప్పుడు తీయండి. దాని మీద చిటికెడు ఉప్పు వేసి కత్తి పక్కనే గొట్టంలో ఉంచండి. ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నౌపడ ఉప్పుకైనా, ప్యాకెట్ ఉప్పుకైనా అదే లెక్క. అది నీళ్ళలా పారిందంటే మీరు హద్దు దగ్గరే ఉన్నారు. కత్తి మీద మాత్రం ఉప్పు వేయకండి, తుప్పు పడుతుంది. ఇంకో గుర్తు: అంచు మీద నల్లటి నీడలు మెల్లగా కదులుతాయి, ఉక్కు లోపల మారుతూ వేడిని తాగుతున్న సమయం అది. నీడలు పూర్తిగా మాయమయ్యాక ఒక నిమిషం ఉంచి తీయండి.

కొలిమి నుంచి నూనె దాకా ఒక్క అడుగే దూరం ఉండాలి. ఖాళీ చేత్తో నాలుగైదుసార్లు సాధన చేయండి, నవ్వేవాళ్ళను నవ్వనివ్వండి. కత్తిని నిటారుగా, ఆగకుండా, పూర్తిగా దించండి. సగం దించి ఆపితే నూనె పైన ఉన్న వేడి ఇనుము మంటలు లేపుతుంది. దించాక అంచు ముందుకు, వెన్ను వెనక్కి వచ్చేలా కోస్తున్నట్టు కదపండి. పక్కలకు ఊపారంటే ఒకవైపు ముందు చల్లారి కత్తి అరటి దొప్పలా వంగుతుంది.

పదిదాకా లెక్కపెట్టి తీయండి. ఇప్పుడు మీకు ఒక చిన్న వ్యవధి ఉంది. 200 డిగ్రీల దగ్గర ఉక్కు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. తోలు చేతిగుడ్డలతో, రెండు చెక్కల మధ్య పెట్టి, కొద్దిపాటి వంకర మెల్లగా సరిచేయవచ్చు. చెయ్యి తగిలే వేడికి వచ్చిందంటే ఆపేయండి, అప్పుడు నొక్కితే రెండు ముక్కలవుతుంది. మట్టి పూసిన కత్తి నీళ్ళలో వెన్నువైపు వంగుతుంది, నూనెలో మాత్రం తరచు మొన కిందికి దిగుతుంది. అది ముందే లెక్కేసుకుని మొనను కొంచెం పైకెత్తి చేసుకుంటే మేలు.

మట్టి రాల్చి, పైన నల్లపొర గీకి, పాత ఆకురాయితో అంచు మీద రుద్దండి. మొదటి ఒకటి రెండు గీతలకు కొంచెం తిన్నా కంగారుపడకండి, అది కార్బన్ పోయిన పైపొర. తర్వాత గాజు మీద జారినట్టు జారితే గట్టిపడింది. వెన్ను మీద మాత్రం ఆకురాయి హాయిగా కొరకాలి.

టెంపరింగ్

ఇప్పుడు అంచు గట్టిగానే ఉంది, కానీ కింద పడితే పింగాణీ కప్పులా పగులుతుంది. ఆ రాత్రికే టెంపరింగ్, అంటే కొద్దిపాటి వేడితో ఆ పెళుసుదనం తగ్గించడం, చేసేయండి. బాగా వచ్చిందన్న సంతోషంలో ఒకసారి నేను పొద్దున చేద్దామని నిద్రపోయాను. లేచేసరికి ఎవరూ ముట్టుకోని కత్తికి అంచు నుంచి లోపలికి వెంట్రుకంత పగులు.

ఇంట్లో కేకులు చేసే ఓవెన్ ఉంటే 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, చల్లార్చి, మళ్ళీ రెండు గంటలు. ఓవెన్ మీద రాసిన అంకె నమ్మకండి, లోపల ఇసుక పళ్ళెం పెట్టి దాంట్లో థర్మామీటరు గుచ్చండి. ఓవెన్ లేకపోతే తాత దారే: అంచు మెరిసేలా రుద్ది, దళసరి ఇనుప ముక్కను ఎర్రగా కాల్చి దాని మీద కత్తి వెన్ను ఆనించి రంగులు చూడండి. లేత ఎండుగడ్డి రంగు 205 దగ్గర, బెల్లం రంగు 240 దగ్గర, వంకాయ రంగు 280 దగ్గర, నెమలి మెడ నీలం 300 దగ్గర వస్తాయి. వంటకత్తికి ఎండుగడ్డి రంగు చాలు. చెట్లు నరికే కత్తికి వంకాయ రంగు దాకా పోనివ్వండి. మొన పలుచగా ఉంటుంది కాబట్టి అక్కడే ముందు రంగు మించిపోతుంది. ఒక కన్ను దాని మీదే ఉంచి, రంగు రాగానే నీళ్ళలో ముంచేయండి.

ఇక మిగిలింది సానపట్టడం. గ్రైండరు మీద పెడితే ప్రతి రెండు ఒత్తులకు ఒకసారి నీళ్ళలో ముంచండి. అంచు వేళ్ళకు చురుక్కుమంటే ఆపాలి, నీలం వచ్చిందంటే ఇంత పనీ వృథా. 800 నంబరు గరుకు కాగితం దాకా రుద్ది, వేడి నిమ్మరసం దూదితో పదేపదే పూస్తే గట్టి అంచు ఒక రంగుకు, మెత్తని వెన్ను ఒక రంగుకు తేలి, మధ్య పొగమంచులా గీత కనిపిస్తుంది. మొదటి కత్తికి అది వంకరటింకరగా వస్తుంది, పరవాలేదు. ఇది స్టీలు కత్తి కాదు, మన సముద్రపు గాలికి రాత్రికి రాత్రే తుప్పు పట్టేస్తుంది. మామిడికాయ కోసిన వెంటనే కడిగి, తుడిచి, నూనె చెయ్యి రాయండి.

ముంచిన నూనె చల్లారాక గుడ్డలో వడగట్టి మూతపెట్టి ఉంచితే చాలా కత్తులకు వస్తుంది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "కొలిమి నూనె" అని రాయండి. మా ఇంట్లో రాయకముందు అది ఒకసారి మిరపకాయ బజ్జీల మూకుడు దాకా వెళ్ళి వచ్చింది.